ఇంటి గోల్ఫ్ సిమ్యులేటర్‌కు గ్రాఫిక్స్ కార్డు, సెట్టింగ్స్: తెర దగ్గర మొదలుపెట్టి కార్డు దాకా

“ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటారు?” గరాజులోనో బేస్‌మెంట్‌లోనో గోల్ఫ్ సిమ్యులేటర్ (నిజమైన బంతిని తెర మీదకి కొట్టి, ఆ షాట్‌ని కంప్యూటర్ మైదానంలో చూసే ఏర్పాటు) పెట్టుకుంటున్న తెలుగువాళ్ళు డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. ఈమధ్య హైదరాబాద్ విల్లాల నుంచి కూడా అడుగుతున్నారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: “మీ తెర వెడల్పు ఎంత, దాని మీద బొమ్మ వేసే ప్రొజెక్టర్ ఏది?” ఈ రెండూ తేలకుండా కార్డు కొంటే అవసరానికి మించి డబ్బు పోస్తారు, లేదా చాలక ఏడాదిలోనే మళ్ళీ కొంటారు.

కాబట్టి వరస ఇది: తెర, ప్రొజెక్టర్, సాఫ్ట్‌వేర్, లాంచ్ మానిటర్ (మీరు కొట్టిన షాట్‌ని కొలిచే యంత్రం), ఆ తర్వాతే కార్డు. సెట్టింగ్స్ అన్నిటికంటే చివర. దయచేసి ఈ వరస మార్చకండి.

1. ముందు టేపు పట్టుకోండి

ఇంపాక్ట్ స్క్రీన్, అంటే బంతి తగిలే తెర వెడల్పు, ఎత్తు, మీరు నిలబడే చోటు నుంచి తెరకున్న దూరం, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. స్క్రీన్ అమ్మినవాళ్ళు చెప్పిన కొలత కాదు, బిగించాక బొమ్మ పడే భాగం కొలత కావాలి. అంచుల్లో ఫోమ్ ప్యాడింగ్ కొన్ని అంగుళాలు తినేస్తుంది.

ఇప్పుడు ఆకారం, అంటే వెడల్పు-ఎత్తుల నిష్పత్తి చూడండి. 10 అడుగుల వెడల్పున్న తెర మీద:

- 16:9 బొమ్మ ఎత్తు సుమారు 5 అడుగుల 7 అంగుళాలు.
- 16:10 బొమ్మ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు.
- 4:3 బొమ్మ ఎత్తు 7 అడుగుల 6 అంగుళాలు.

గరాజుల్లో కట్టే చాలా తెరలు 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. అలాంటి తెర మీద 16:9 బొమ్మ వేస్తే పైన రెండడుగులకు పైగా తెల్లగా మిగిలిపోతుంది. ఎత్తుగా లేచిన బంతి ఆ ఖాళీలోకి వెళ్ళి తగిలితే చూడ్డానికి బాగుండదు. అందుకే చాలామంది 4:3 వైపు మొగ్గుతారు. అయితే అక్కడొక చిక్కుంది, తర్వాతి అంచెలో చూద్దాం.

2. ప్రొజెక్టర్ నిజంగా ఎన్ని పిక్సెళ్ళు వేస్తోంది?

కార్డు మీద పడే బరువంతా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. ఒక్కో ఫ్రేముకి కార్డు గీయాల్సిన పిక్సెళ్ళు ఇవి:

- 1440×1080 (1080పీ ప్రొజెక్టర్ మీద 4:3): సుమారు 15.5 లక్షలు
- 1920×1080: సుమారు 20.7 లక్షలు
- 1920×1200: సుమారు 23 లక్షలు
- 2880×2160 (4కే ప్రొజెక్టర్ మీద 4:3): సుమారు 62 లక్షలు
- 3840×2160: సుమారు 83 లక్షలు

1080పీ నుంచి 4కే కి వెళ్తే పని నాలుగింతలు. కార్డు ధర ఎందుకంత పెరుగుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మరి 4కే అవసరమా? కంటితో చూసి చెప్పడం కంటే లెక్క వేసి చెప్పడం మేలు. 10 అడుగుల తెర అంటే 3,048 మిల్లీమీటర్లు. అందులో 1,920 పిక్సెళ్ళు పరిస్తే ఒక్కో పిక్సెల్ సుమారు 1.6 మిల్లీమీటర్లు. 3,840 పరిస్తే 0.8 మిల్లీమీటరు. ఆరోగ్యమైన కన్ను 10 అడుగుల దూరం నుంచి సుమారు 0.9 మిల్లీమీటరు దాకా విడిగా గుర్తుపట్టగలదు. అంటే 1080పీ లో చుక్కలు కనబడతాయి, 4కే లో దాదాపు కనబడవు. తెర బట్ట నేత కొంత మసకబారుస్తుంది కాబట్టి ఆచరణలో తేడా ఇంకాస్త తగ్గుతుంది.

ఇప్పుడు ఆ చిక్కు. 1080పీ ప్రొజెక్టర్‌ని 4:3 తెర మీద వాడితే మీకు దక్కేది 1,440 పిక్సెళ్ళే. ఒక్కోటి 2.1 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. పటింగ్ చేసేటప్పుడు గ్రీన్ మీద గళ్ళ గీతలు మెట్లుమెట్లుగా కనబడేది అందుకే. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: 16:9, 16:10 తెరలకు 1080పీ, 1200పీ చక్కగా సరిపోతాయి. 4:3 తెరకు మాత్రం 4కే ప్రొజెక్టర్ మీద పెట్టే డబ్బు వృథా కాదు.

దూరం లెక్క కూడా ఇక్కడే చూసుకోండి. త్రో రేషియో అంటే ప్రొజెక్టర్ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది. 0.8 త్రో రేషియో ఉన్న ప్రొజెక్టర్ 10 అడుగుల బొమ్మ వేయాలంటే 8 అడుగుల దూరంలో ఉండాలి. అదే ప్రొజెక్టర్‌తో 7 అడుగుల 6 అంగుళాల ఎత్తున 4:3 బొమ్మ కావాలంటే, దాని పూర్తి 16:9 బొమ్మ 13 అడుగుల 4 అంగుళాల వెడల్పు రావాలి. పక్కలు నల్లగా వదిలేసి మధ్యలో 10 అడుగులే వాడతారు. అప్పుడు ప్రొజెక్టర్ తెర నుంచి సుమారు 10 అడుగుల 8 అంగుళాల దూరానికి వెళ్ళాలి. అంటే మీ నెత్తి మీదకి, క్లబ్ తిరిగే చోటుకి. సీలింగ్‌లో కన్నాలు వేశాక ఈ సంగతి తెలిస్తే ఎంత నొప్పో ఊహించుకోండి. వేయకముందే లెక్క చూసుకోండి.

ఇంకో మాట. ఇళ్ళల్లో వాడే చాలా 4కే ప్రొజెక్టర్లలో చిప్ మీద 83 లక్షల అద్దాలు ఉండవు. తక్కువ పిక్సెళ్ళ చిప్‌నే వేగంగా పక్కకి జరుపుతూ 4కే బొమ్మ తయారుచేస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ కార్డు మాత్రం పూర్తి 4కే గీసి పంపాల్సిందే.

3. సాఫ్ట్‌వేర్, లాంచ్ మానిటర్ ఏం అడుగుతున్నాయి?

సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే బరువు కావు. జీఎస్‌ప్రో విండోస్ మీదే నడుస్తుంది. అందులోని కోర్సుల్లో చాలామటుకు వాడుకదారులే తయారుచేసినవి, కాబట్టి ఒక కోర్సు తేలిగ్గా నడిచి ఇంకోటి మొరాయించవచ్చు. లాంచ్ మానిటర్లు చేసే ఫోర్‌సైట్ వాళ్ళ ఎఫ్‌ఎస్‌ఎక్స్ ప్లే కూడా గట్టి కార్డే అడుగుతుంది. ఈ6 కనెక్ట్ విండోస్ మీదా ఐప్యాడ్ మీదా నడుస్తుంది. టీజీసీ 2019 పాతది కావడంతో ఇప్పటి కార్డులకు భారం కాదు. ఆసమ్ గోల్ఫ్ ఇంకా తేలిక, పిల్లలతో ఆడుకోడానికి టాబ్లెట్ చాలు.

ఆపిల్ మాక్ ఉందని ధైర్యంగా ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇప్పటి ఎం సిరీస్ చిప్ మాక్‌లలో బూట్‌క్యాంప్ (మాక్ మీద నేరుగా విండోస్ నడిపే సౌకర్యం) లేదు. విండోస్‌ని ఏదోలా లోపల నడిపి దాని మీద జీఎస్‌ప్రో ఆడదామన్న ఆలోచన మానుకోండి, వేరే విండోస్ పీసీ పెట్టుకోండి.

లాంచ్ మానిటర్ కూడా కంప్యూటర్ మీద బరువు వేస్తుంది. పక్కన నేల మీద పెట్టే చాలా యంత్రాలు లెక్క తామే చేసుకుని వైఫై, బ్లూటూత్, యూఎస్‌బీల మీదుగా ఫలితం మాత్రం పంపుతాయి. సీలింగ్‌కి బిగించే కెమెరా రకాల్లో కొన్నిటికి ఈథర్‌నెట్ కేబుల్ నేరుగా పీసీకి రావాలి, ఫొటోల పని కొంత పీసీయే చేయాలి. అలాంటప్పుడు ఇంటర్నెట్‌కి ఇంకో దారి ఉండాలి: రెండో ఈథర్‌నెట్ పోర్టు గానీ మంచి వైఫై గానీ.

కొనేముందు చూసుకోవాల్సినవి:

- సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసిన “కనీస” వరుస కాదు, “సిఫారసు” వరుస చదవండి. కనీసం అంటే తెరుచుకుంటుందని అర్థం, హాయిగా ఆడొచ్చని కాదు.
- లాంచ్ మానిటర్ కంపెనీ ఎన్విడియా కార్డే కావాలని అడుగుతోందా? అడిగితే ఏఎండీ కార్డు ఎంత చవగ్గా దొరికినా తీసుకోకండి.
- పీసీకి కావలసిన పోర్టులు: ఈథర్‌నెట్, యూఎస్‌బీ, టచ్ మానిటర్‌కి రెండో వీడియో పోర్టు.

4. కార్డు ఎంపిక

గోల్ఫ్‌కి సెకనుకి 144 ఫ్రేములు అక్కర్లేదు. తెర మీద శత్రువు ఎక్కడినుంచో రాడు. ప్రొజెక్టర్లు చాలావరకు 4కే లో 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 బొమ్మల దగ్గరే ఆగుతాయి. కాబట్టి మన లక్ష్యం కదలకుండా నిలబడే 60. ఒకసారి 110, ఒకసారి 45 వచ్చే సిస్టమ్ కంటే ఎప్పుడూ 60 ఇచ్చేదే కంటికి హాయి.

1080పీ, 1200పీ: ఎన్విడియా వాళ్ళ ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ, ఆర్‌టీఎక్స్ 4060 8జీబీ, ఆర్‌టీఎక్స్ 5060 8జీబీ. వీటిలో ఏదైనా చాలు. కరెంటు, వేడి తక్కువ కావాలంటే 4060 బాగుంటుంది, అది తాగేది 115 వాట్లే. పాత జీటీఎక్స్ 1060 6జీబీ ఇంట్లో పడి ఉంటే ముందు దాంతోనే ఆడి చూడండి. తేలిక సాఫ్ట్‌వేర్లకు అది ఇంకా పనికొస్తుంది.

1440పీ (2560×1440), లేదా 4కే ప్రొజెక్టర్ మీద 4:3: ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 16జీబీ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16జీబీ, ఆర్‌టీఎక్స్ 4070 12జీబీ.

పూర్తి 4కే, సెట్టింగ్స్ హై: ఆర్‌టీఎక్స్ 4070 సూపర్, ఆర్‌టీఎక్స్ 5070, స్తోమత ఉంటే ఆర్‌టీఎక్స్ 5070 టీఐ 16జీబీ. అంతకు పైన పెట్టే డబ్బు ప్రొజెక్టర్ వెలుతురు మీదో, మంచి మ్యాట్ మీదో పెట్టండి. మీ మోకాళ్ళూ మణికట్లూ సంతోషిస్తాయి.

వీడియో మెమరీ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే గోల్ఫ్‌లో దీని దెబ్బ ప్రత్యేకంగా తెలుస్తుంది. మామూలు ఆటల్లో కెమెరా పాత్రతోపాటు మెల్లగా నడుస్తుంది. ఇక్కడ మీరు టీ మీద నుంచి కొట్టగానే కెమెరా 250 గజాలు ఎగిరి ఇంకో చోట దిగుతుంది. దారిలోని చెట్లు, గడ్డి, బంకర్లు, నీళ్ళు అన్నీ క్షణాల్లో రావాలి. కార్డు మెమరీ నిండిపోయి ఉంటే సరిగ్గా ఆ ఎగిరే సమయంలోనే బొమ్మ ఒక్క కుదుపు కుదిపి ఆగుతుంది. టీ దగ్గర 60 చూపిస్తున్నా బంతి గాల్లో ఉండగా తడబడుతోందంటే మొదట అనుమానించాల్సింది మెమరీనే. అందుకే 4కే కి 8జీబీ కార్డు నేను సిఫారసు చేయను. ధర ఒకేలా ఉంటే ఎక్కువ మెమరీ ఉన్నదే తీసుకోండి.

5. మిగతా పీసీ

దీనికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఇంటెల్ ఐ5-12400 స్థాయి, లేదా రైజెన్ 5 7600 స్థాయి ప్రాసెసర్ సరిపోతుంది. ర్యామ్ 16జీబీ కనీసం, 32జీబీ హాయి. ర్యామ్ రెండు కర్రలుగా వేయించండి, ఒక్క కర్రతో వేగం పోతుంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెటప్ పేజీలో) ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయండి. 1టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ పెట్టి కోర్సులన్నీ దాని మీదే ఉంచండి. పాత హార్డ్ డిస్కు మీద కోర్సులు పెడితే ఎంత మంచి కార్డున్నా కెమెరా ఎగిరేటప్పుడు కుదుపు తప్పదు.

పవర్ సప్లై పేరున్నది, 650 వాట్లది చాలు. 5070 దాటితే 750 తీసుకోండి.

6. లాప్‌టాప్ సరిపోతుందా?

సరిపోతుంది, మూడు షరతుల మీద.

మొదటిది, పేరు చూసి మోసపోకండి. లాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060 ని తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా కట్టేయవచ్చు. పేరు ఒకటే, పనితనంలో చాలా తేడా. కొనేముందు ఆ వాట్ల సంఖ్య అడిగి తెలుసుకోండి.

రెండోది, వీడియో పోర్టు. కొన్ని లాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ ద్వారా వెళ్తుంది. బొమ్మ ఏ గ్రాఫిక్స్ నుంచి రావాలో మార్చే మక్స్ స్విచ్ ఉంటే దాన్ని గ్రాఫిక్స్ కార్డు వైపు పెట్టండి.

మూడోది, చార్జర్ పెట్టే ఆడాలి. బ్యాటరీ మీద కార్డు సగం బలంతో కూడా నడవదు.

సిమ్యులేటర్ ఒకే గదిలో శాశ్వతంగా ఉండేదైతే నా ఓటు డెస్క్‌టాప్‌కే. దుమ్ము తుడవడం సులువు, రెండేళ్ళ తర్వాత కార్డు మార్చుకోవచ్చు.

7. కేబుల్: అందరూ చివర్లో గుర్తుచేసుకునేది

పీసీ నుంచి గోడ వెంట సీలింగ్ దాకా, అక్కణ్నుంచి ప్రొజెక్టర్ దాకా కేబుల్ దూరం కొలవండి. సూటి దూరం కాదు, కేబుల్ నడిచే దూరం. గరాజుల్లో ఇది సులువుగా 30 అడుగులు దాటుతుంది.

హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. 4కే 60 కి హెచ్‌డీఎంఐ 2.0, అంటే సెకనుకి 18 గిగాబిట్లు మోసే దారి కావాలి. ఆ వేగంలో మామూలు రాగి కేబుల్ పొడవు పెరిగేకొద్దీ మొరాయిస్తుంది: బొమ్మ మినుకుమంటుంది, లేదా క్షణం నల్లబడి మళ్ళీ వస్తుంది. 20 అడుగులు దాటితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి. దానికి దిక్కు ఉంటుంది: “సోర్స్” అని రాసిన కొన పీసీకి, “డిస్‌ప్లే” అని రాసింది ప్రొజెక్టర్‌కి. గోడలో దూర్చేముందు నేల మీదే పరిచి, కలిపి, బొమ్మ వస్తోందో లేదో చూసుకోండి.

8. కరెంటు, వేడి, దుమ్ము

అమెరికా గరాజుల్లో చాలాచోట్ల సర్క్యూట్ 15 ఆంపియర్లు, 120 వోల్టులు. మొత్తం 1,800 వాట్లు, గంటల తరబడి వాడేటప్పుడు 1,440 దాటకూడదు. పీసీ, ప్రొజెక్టర్, లైట్లు కలిసి 700-800 వాట్లు అనుకోండి. చలికాలంలో దాని మీద 1,500 వాట్ల హీటర్ పెడితే తొమ్మిదో హోల్ దగ్గర బ్రేకర్ పడిపోతుంది, పీసీ ఆరిపోతుంది. హీటర్‌కి వేరే సర్క్యూట్ వాడండి.

మన ఊళ్ళో వోల్టేజీ 230 కాబట్టి ఆ ఇబ్బంది లేదు, కానీ కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఇంటి ఇన్వర్టర్ మారే ఆ రెప్పపాటులోనే పీసీ రీస్టార్ట్ కావచ్చు. పీసీకీ ప్రొజెక్టర్‌కీ విడిగా సైన్ వేవ్ యూపీఎస్ పెట్టండి. ల్యాంప్ రకం ప్రొజెక్టర్‌కి ఇది మరీ ముఖ్యం: చల్లారకుండా ఆగిపోవడం ల్యాంప్ ఆయుష్షుకి మంచిది కాదు.

పీసీని బంతి దారిలో పెట్టకండి, హిట్టింగ్ మ్యాట్‌కి వెనక పక్కన కాస్త ఎత్తులో ఉంచండి. నేల మీద పెడితే టర్ఫ్ నుంచి రాలే ప్లాస్టిక్ పీచు ఫ్యాన్లలోకి పోతుంది. ముందువైపు జాలీ, దాని వెనక ఫిల్టర్ ఉన్న కేసు తీసుకుని నెలకోసారి తుడవండి.

9. విండోస్, డ్రైవర్ సెట్టింగ్స్

ఇది ఒక్కసారి చేస్తే చాలు. ఈ వరసలోనే చేయండి:

- ప్రొజెక్టర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డు పోర్టులోనే ఉందో లేదో టార్చి వేసి చూడండి. పైన నిలువుగా ఉండే పోర్టులు మదర్‌బోర్డువి, కింద అడ్డంగా ఉండేవి కార్డువి.
- ఎన్విడియా డ్రైవర్ కొత్తగా వేయండి. పాత ఏఎండీ కార్డు తీసి ఎన్విడియా పెడితే ముందు పాత డ్రైవర్ పూర్తిగా తీసేయండి.
- విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్ళి మీ గోల్ఫ్ సాఫ్ట్‌వేర్‌కి “హై పర్ఫార్మెన్స్” ఎంచుకోండి.
- రిఫ్రెష్ రేట్ 60 హెర్ట్జ్ ఉందో చూడండి. 30 ఉంటే తప్పు కేబుల్‌దో పోర్టుదో.
- ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌ని “ప్రిఫర్ మాగ్జిమమ్ పర్ఫార్మెన్స్” చేయండి. ఇది గోల్ఫ్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రమే, మొత్తం పీసీకి అక్కర్లేదు.
- మాగ్జిమమ్ ఫ్రేమ్ రేట్ 60 కి కట్టేయండి. ఫ్యాన్ గోల తగ్గుతుంది, గది చల్లగా ఉంటుంది.
- అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ “ఫుల్” పెట్టి, ప్రొజెక్టర్‌లో కూడా హెచ్‌డీఎంఐ రేంజ్ అదే పెట్టండి. రెండూ కలవకపోతే నలుపు బూడిదరంగులో పడుతుంది, లేదా చెట్ల నీడలు మసిబొగ్గులా ముద్దయిపోతాయి.
- హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా పెంచి చూపే మోడ్) ఆఫ్. వెలుతురున్న గదిలో ప్రొజెక్టర్ మీద దాంతో లాభం లేదు, రంగులు పాలిపోతాయి.
- స్లీప్ ఆఫ్, నోటిఫికేషన్లు ఆఫ్.
- యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (వాడకం లేని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చేది) ఆఫ్. పటింగ్ దగ్గర ఆలోచిస్తూ నిలబడితే లాంచ్ మానిటర్ తెగిపోవడానికి తరచూ ఇదే కారణం.

4:3 తెర ఉన్నవాళ్ళు కంట్రోల్ ప్యానెల్‌లో “ఛేంజ్ రిజల్యూషన్”, “కస్టమైజ్” నొక్కి 2880×2160 గానీ 1440×1080 గానీ 60 హెర్ట్జ్‌లో కొత్తది తయారుచేసుకోండి. తర్వాత స్కేలింగ్ పేజీలో “యాస్పెక్ట్ రేషియో” ఎంచుకుని, స్కేలింగ్ పని జీపీయూకి అప్పగించండి. బొమ్మ సాగకుండా మధ్యలో కూర్చుంటుంది. బంతి కోడిగుడ్డులా కనబడితే ఈ పేజీలోనే ఏదో తప్పింది.

ప్రొజెక్టర్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. వంకరగా పడే బొమ్మని సరిచేసే కీస్టోన్ సాధ్యమైనంతవరకు సున్నాలో ఉంచండి. అది బొమ్మని బలవంతంగా నొక్కుతుంది, అక్షరాలు మసకబారతాయి, చాలా ప్రొజెక్టర్లలో ఆలస్యం కూడా పెరుగుతుంది. మౌంట్ సరిచేసుకోవడమే అసలు పరిష్కారం.

10. ఆటలోపల సెట్టింగ్స్

అందరూ “అల్ట్రా” పెట్టి, ఆగితే “లో”కి దించుతారు. ఆ రెండిటి మధ్యే అసలు పని ఉంది. గోల్ఫ్‌లో మన చూపు ఎక్కువసేపు నేల మీదే, అదీ ఏటవాలుగా. ఫెయిర్‌వే దూరానికి పోయేకొద్దీ అలుక్కుపోయినట్టు కనబడకూడదు. గ్రీన్ వాలు చదవగలగాలి. మిగతావన్నీ అలంకారం.

తగ్గించకుండా ఉంచేవి:

- ఎనిసోట్రోపిక్ ఫిల్టరింగ్ 16. ఏటవాలు నేలని స్పష్టంగా ఉంచేది ఇదే, కార్డుకి దాదాపు భారమే కాదు. ఆటలో లేకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పెట్టండి.
- టెక్స్చర్లు హై, మెమరీ ఉన్నంతవరకు. 8జీబీ కార్డుతో 4కే తప్పకపోతే మీడియం.
- వీ-సింక్ ఆన్. బొమ్మ అడ్డంగా తెగినట్టు కనబడదు.

అవసరమైతే ఈ వరసలో తగ్గించండి, ఒక్కోటి మార్చి ఒక్కో హోల్ ఆడి చూడండి:

- నీడలు: అల్ట్రా నుంచి మీడియం. లాభం ఎక్కువ, కనబడే నష్టం తక్కువ.
- గడ్డి దట్టం, గడ్డి దూరం. రఫ్‌లో గడ్డి పరకలు గీయడం కార్డుకి చాలా భారం.
- నీటిలో ప్రతిబింబాలు.
- చెట్ల నాణ్యత, కనబడే దూరం. ఇది ప్రాసెసర్ మీది బరువు కూడా తగ్గిస్తుంది.
- యాంటీ అలయాసింగ్ (అంచుల్ని నునుపు చేసేది) ఒక మెట్టు.
- చివరగా రిజల్యూషన్: 4కే నుంచి 1440పీ. డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) లాంటిది సాఫ్ట్‌వేర్‌లో ఉంటే దాన్ని “క్వాలిటీ”లో వాడటం ఇంతకంటే మంచిది.

ఫ్రేమ్ జెనరేషన్ (ఫ్రేముల మధ్య కార్డు ఊహించి గీసిన ఫ్రేములు దూర్చడం) ఉన్నా దాని జోలికి పోవద్దు. 60 హెర్ట్జ్ ప్రొజెక్టర్ మీద అది ఇచ్చేదేమీ లేదు, వేగంగా ఎగిరే తెల్లటి చిన్న బంతి చుట్టూ మరకలు రావచ్చు.

11. అరగంట పరీక్ష

ఖాళీ రేంజ్ మీద 60 వచ్చిందని సంబరపడకండి. చెట్లు దట్టంగా, నీళ్ళు ఎక్కువగా ఉన్న కోర్సు ఒకటి ఎంచుకుని ఎప్పుడూ దాంతోనే పరీక్షించండి. ఎన్విడియా యాప్‌లో ఆల్ట్, ఆర్ నొక్కితే అంకెలు తెర మూలన వస్తాయి. అరగంట ఆడుతూ నాలుగు సందర్భాల్లో చూడండి: టీ మీద నిలబడ్డప్పుడు, బంతి గాల్లో ఉన్నప్పుడు, దిగాక, గ్రీన్ మీద.

అంకెలు చదవడం ఇలా:

- కార్డు వాడకం 95 శాతం పైన, ఫ్రేములు 60 కి కింద: కార్డు చాలడం లేదు. 10వ అంచెలోని వరస పట్టుకోండి.
- కార్డు వాడకం 60 శాతమే, ఫ్రేములు 60 కి కింద: ప్రాసెసర్ ఆపుతోంది. చెట్ల దూరం తగ్గించండి, వెనక నడిచే ప్రోగ్రాములు మూసేయండి.
- సగటు 60 ఉన్నా మధ్యమధ్యలో కుదుపు: వీడియో మెమరీ నిండిందేమో టాస్క్ మేనేజర్‌లో చూడండి. నిండకపోతే ఎస్‌ఎస్‌డీని చూడండి.
- మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత పడిపోతోంది: వేడి. కార్డు 83 డిగ్రీలు దాటి అక్కడే ఉంటే గాలి దారి చూడండి.

12. తరచూ వచ్చే ఇబ్బందులు

కొత్త కార్డు, అయినా నత్తనడక. ఫ్రిస్కోలో ఒక తమ్ముడు ఫోన్ చేసి “అన్నా, కార్డు రిటర్న్ చేసేస్తాను, పాతదానికీ దీనికీ తేడా లేదు” అన్నాడు. పీసీ వెనక ఫొటో తీసి పంపమన్నాను. కార్డు పోర్టులకు దుమ్ము మూతలు ఇంకా అలాగే ఉన్నాయి, కేబుల్ మదర్‌బోర్డులో ఉంది. కేబుల్ మార్చగానే సమస్య తీరింది. రిటర్న్ ఆలోచన వస్తే ముందు పీసీ వెనక చూడండి.

కొట్టాక బంతి కదలడానికి ఆలస్యం. కార్డు మార్చితే ఇది పోదు. 60 ఫ్రేముల్లో ఒక ఫ్రేము అంటే 17 మిల్లీసెకన్లే. మీకు తెలిసే ఆలస్యం లాంచ్ మానిటర్ లెక్క చేసి పంపడానికి పట్టే సమయం. వైఫై అయితే కేబుల్‌కి మార్చండి, ప్రొజెక్టర్ గేమ్ మోడ్ చూడండి. అంతకుమించి తగ్గించడం ఆ యంత్రం చేతిలో ఉంది.

టచ్ మానిటర్ పెట్టాక ప్రొజెక్టర్ బొమ్మ మసకబారింది. “డూప్లికేట్” పెట్టి ఉంటారు, రెండు తెరలకీ పొసగే రిజల్యూషన్‌కి దిగిపోతుంది. విండోస్, పీ నొక్కి “ఎక్స్‌టెండ్” చేయండి. రెండు తెరల మీదా ఒకే బొమ్మ కావాల్సిందేనంటే, మానిటర్‌ని కూడా ప్రొజెక్టర్ రిజల్యూషన్, హెర్ట్జ్‌లోనే కొనండి.

ప్రొజెక్టర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే సాఫ్ట్‌వేర్ చిన్న కిటికీలో తెరుచుకుంటోంది. ముందు ప్రొజెక్టర్ ఆన్ చేసి, బొమ్మ వచ్చాకే పీసీ ఆన్ చేయండి. విండోస్ స్కేలింగ్ 100 శాతం ఉంచండి.

నిన్నటిదాకా బాగుంది, ఇవాళ కుదుపు. రాత్రి డ్రైవర్ గానీ విండోస్ గానీ అప్‌డేట్ అయ్యిందేమో చూడండి. సిస్టమ్ బాగా నడుస్తున్న రోజున డ్రైవర్ వెర్షన్ నంబరూ, ఆటలోని సెట్టింగ్స్ పేజీ ఫొటో ఒకటీ ఫోన్‌లో దాచుకోండి. తేడా వస్తే ఆ నంబరు డ్రైవరే మళ్ళీ వేసుకోవచ్చు. శనివారం స్నేహితులు ఆడటానికి వస్తున్నారంటే శుక్రవారం రాత్రి ఏదీ అప్‌డేట్ చేయకండి, ఆదివారం చేసుకోండి.